ఇద్దరు పాడితే ఒక్కరిలా ఎందుకు వినబడతారు? ఎవర్లీ బ్రదర్స్ గొంతుల వెనక కథ

డాన్, ఫిల్ ఎవర్లీ అనే అమెరికన్ అన్నదమ్ములు పాడగా 1960లో వచ్చిన ‘క్యాథీస్ క్లౌన్’ పాట ఎప్పుడైనా విన్నారా? వినకపోతే ఒకసారి పెట్టుకోండి, రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. మొదటి లైన్‌లోనే పై గొంతు ఒక స్వరం పట్టుకుని కదలకుండా నిలబడిపోతుంది, కింది గొంతు అక్కణ్ణించి ఒక్కో మెట్టూ దిగుతూ పోతుంది. పాడేది ఇద్దరని తెలుసు, రెండు స్వరాలు ఉన్నాయనీ తెలుసు, అయినా సరే ఇది అన్న గొంతు ఇది తమ్ముడి గొంతు అని చెవితో విడదీద్దామని కూర్చుంటే మాత్రం కాసేపటికే రెండూ కలిసిపోయి చేతికి దొరకవు. కింది గొంతు అన్న డాన్‌ది, పైది తమ్ముడు ఫిల్‌ది. ఈ పై గొంతు నిలబెట్టే కిటుకునే తర్వాత ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ పాటలో తాము వాడుకున్నామని బీటిల్స్ పాల్ మెకార్ట్నీయే చెప్పుకున్నాడు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి పాడే గ్రూపులు అమెరికాలో అప్పటికే బోలెడు. న్యూ ఆర్లియన్స్ నుంచి బాస్వెల్ సిస్టర్స్, ఒహాయోలోని పిక్వా అనే చిన్న ఊరి నుంచి మిల్స్ బ్రదర్స్, మిన్నియాపోలిస్ నుంచి ఆండ్రూస్ సిస్టర్స్, ఇక కంట్రీ మ్యూజిక్‌లో అయితే డెల్మోర్ బ్రదర్స్, లూవిన్ బ్రదర్స్ అంటూ అన్నదమ్ముల జంట పాట అనేది ఏకంగా ఒక పద్ధతే అయిపోయింది. ఇలా ఒకేసారి వేరువేరు స్వరాలు కలిపి పాడటమే హార్మొనీ, తోబుట్టువులు పాడితే అక్కడి జనం దీన్ని బ్లడ్ హార్మొనీ అంటారు. రక్తంలో ఉంటేనే వస్తుంది, బయటివాళ్ళకి రాదు అని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంలో నిజమెంత అనేదే మన విషయం, దానికి ఎవర్లీల కన్నా మంచి ఉదాహరణ నాకైతే కనబడలేదు.

డాన్ 1937లో కెంటకీలోని బ్రౌనీలో పుట్టాడు, ఫిల్ 1939లో షికాగోలో. నాన్న ఐక్ ఒకప్పుడు బొగ్గు గనిలో పనిచేసినవాడు, బొటనవేలితో బేస్ వాయిస్తూ మిగతా వేళ్ళతో పాట వాయించే గిటార్ పద్ధతిలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. తర్వాత కుటుంబం అయోవాలోని షెనాండోవాకి వెళ్ళింది, అక్కడ కేఎమ్ఏ అనే రేడియో స్టేషన్‌లో అమ్మా నాన్నా పిల్లలూ అందరూ కలిసి పాడేవాళ్ళు. అంటే పిల్లలు బడికి వెళ్ళే వయసు నుంచే ఒకే గదిలో, నాన్న గిటార్‌కి, రోజూ కలిసి పాడటం, అదీ లైవ్ రేడియోలో, తప్పు పోతే వెనక్కి తీసుకునే వీలు లేకుండా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు చెవి సంగతి. పెళ్ళి భోజనాల దగ్గర వంద మంది ఒకేసారి మాట్లాడుతున్నా మనం పక్కనున్న బాబాయి మాట ఒక్కటే పట్టుకోగలం కదా, దీన్ని 1953లో కాలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి మరీ చూశాడు, కాక్‌టెయిల్ పార్టీ సమస్య అనే పేరు అక్కడిదే. ఆలోచిస్తే ఇది చాలా కష్టమైన పని. కర్ణభేరి దగ్గరికి చేరేసరికి అన్ని శబ్దాలూ కలిసిపోయి ఒకటే గాలి కదలిక అయిపోతుంది, ఆ ఒక్క కదలికలోంచి ఎవరి మాట ఎవరిదో మెదడు మళ్ళీ విడదీయాలి. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ బ్రెగ్మన్ అనే సైకాలజిస్టు ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేశాడు. మెదడు కొన్ని ఆధారాలు చూసుకుంటుంది: శబ్దం ఎటువైపు నుంచి వస్తోంది, ఎప్పుడు మొదలైంది, దాని రంగు, అంటే గొంతు తీరు, ఎలా ఉంది, శ్రుతి ఎంత, కదిలేటప్పుడు కలిసి కదులుతోందా విడిగానా. ఇవి తేడాగా ఉంటే ఇద్దరు మనుషులు అని లెక్కేస్తుంది, అన్నీ ఒకటైపోతే ఒక్కరే అనుకుంటుంది. మొదలయ్యే టైమ్‌లో 30 మిల్లీసెకన్ల తేడా ఉన్నా చాలు, రెండు స్వరాలు చెవికి తేలిగ్గా విడిపోతాయి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎవర్లీ బ్రదర్స్ చేసిందల్లా మెదడు వాడుకునే ఈ ఆధారాల్ని ఒక్కొక్కటే చెరిపేయడం. కొన్ని వాళ్ళకి పుట్టుకతో చెరిగిపోయాయి, కొన్ని సాధనతో, కొన్ని ఆనాటి రికార్డింగ్ పద్ధతి వల్ల.

పుట్టుక సంగతి చూద్దాం. మన స్వరపేటికలో తంత్రులు కొట్టుకుంటే వచ్చేది ఒట్టి రొద లాంటి శబ్దం, అందులో అసలు శ్రుతీ దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు ఇలా బోలెడన్ని హార్మోనిక్స్ ఉంటాయి. గొంతు నుంచి పెదాల దాకా ఉన్న గొట్టం వాటిలో కొన్నిటిని పెంచుతుంది, కొన్నిటిని తొక్కేస్తుంది. మగవాళ్ళలో ఆ గొట్టం సుమారు 17.5 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక వైపు మూసిన గొట్టం లెక్క ప్రకారం 500, 1500, 2500 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర ఎక్కువగా మోగుతుంది, వీటినే ఫార్మెంట్లు అంటారు, నాలుకా దవడా కదిపితే అవి జరిగి ‘ఆ’ ‘ఈ’ ‘ఊ’ అవుతాయి. ఫోన్ ఎత్తి హలో అనగానే అన్నో తమ్ముడో తెలీక తడబడతామే, అదంతా చాలావరకు దీని పనే. గొట్టం పొడవు, అంగిడి వంపు, దవడ ఆకారం ఇవన్నీ చాలావరకు అమ్మానాన్నల నుంచి వచ్చేవి. కవలల మీద చేసిన పరిశోధనల్లో కూడా, ఒకే అండం నుంచి పుట్టిన కవలల మాట శ్రుతి మామూలు కవలల కన్నా ఎక్కువ దగ్గరగా ఉంటుందని తేలింది. 2023లో ఐస్‌లాండ్‌లో దాదాపు 13 వేల మంది మాట రికార్డు చేసి, వాళ్ళ జన్యువులతో పోల్చి చూస్తే ఏబీసీసీ9 అనే జన్యువులోని తేడాలకీ గొంతు శ్రుతికీ సంబంధం కనబడింది. కాబట్టి రక్తం మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు.

కానీ రక్తమే అంతా అయితే ప్రతి ఇంట్లో అన్నదమ్ములూ ఇలా పాడాలి కదా, పాడరు. పైగా ఎవర్లీల పాటలు వింటూ పెరిగిన పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ ఏ చుట్టరికం లేకుండానే వాళ్ళ దగ్గరిదాకా వచ్చేశారు. ఇక్కడే నాకు రేడియో గది ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. ఒకే ఇంటి యాస, ఒకే రకం అచ్చులు, ఏ మాటని ఎంత సాగదీయాలి, చివరి హల్లుని ఎప్పుడు వదలాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఇవన్నీ ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఇద్దరికీ ఒకటైపోయాయి. అచ్చు కొంచెం తేడాగా పలికితే ఫార్మెంట్లు జరిగిపోతాయి, అప్పుడు గొట్టం ఒకేలా ఉన్నా లాభం లేదు.

వైబ్రాటో, అంటే స్వరంలోని వణుకు, సంగతి కూడా చెప్పాలి. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ చౌనింగ్ కంప్యూటర్‌తో ఒక భలే ప్రయోగం చేశాడు. గంట మోగినట్టు ఒకటే ముద్దగా వినబడే శబ్దం తయారుచేసి, అందులోని భాగాలకి మెల్లగా మూడు వేరువేరు వైబ్రాటోలు కలిపితే ఆ ముద్ద విడిపోయి ముగ్గురు ఆడవాళ్ళు పాడుతున్నట్టు వినబడింది. అంటే గొంతులో ఎవరి వణుకు వాళ్ళకి ఉంటే చెవి ఇట్టే విడదీసేస్తుంది. డాన్, ఫిల్ పాటల్లో ఆ వణుకు చాలా తక్కువ, స్వరాన్ని నిటారుగా పట్టుకుంటారు. ఒపెరా వాళ్ళు ఇలా కలవాలంటే చాలా కష్టపడాలి.

మిగిలింది శ్రుతి. ఇది చెరపలేరు, చెరిపితే హార్మొనీయే ఉండదు. డాన్ పాట ఎత్తుకుంటే ఫిల్ ఎక్కువగా దానిపైన మూడో స్వరంలో వెళ్తాడు, మన లెక్కలో షడ్జానికి గాంధారం. డాన్ 220 హెర్ట్జ్ దగ్గర ఉంటే స్వచ్ఛమైన అంతర గాంధారం 275, అంటే 5:4 నిష్పత్తి. అప్పుడు డాన్ గొంతులోని అయిదో హార్మోనిక్, ఫిల్ గొంతులోని నాలుగోది రెండూ సరిగ్గా 1100 మీద పడతాయి, రెండు గొంతుల హార్మోనిక్సూ కలిసి 55 హెర్ట్జ్ అనే ఒకే మూలం నుంచి పుట్టినట్టు వరసలో కూర్చుంటాయి. తంబుర మంద్ర తీగ మీటితే మనం పాడకపోయినా గాంధారం తనంతట తనే వినబడుతుంది కదా, అదీ ఈ అయిదో హార్మోనికే. పియానోలో, గిటార్ మెట్ల మీద ఇదే గాంధారం కొంచెం ఎక్కువ, దాదాపు 277.2, అప్పుడు పైన 1100కీ 1109కీ మధ్య సెకనుకి తొమ్మిది సార్లు దాకా కొట్టుకుంటుంది, అందుకే కాస్త గరుకుగా ఉంటుంది. గొంతుకి మెట్లు లేవు కాబట్టి మంచి చెవి ఉన్నవాళ్ళు ఆ గరుకు పోయేదాకా జరుపుకుంటారు. ఎవర్లీలు ప్రతిచోటా సరిగ్గా 5:4 మీదే ఉన్నారని నేననను, వెనక గిటార్ ఉన్నప్పుడు కొంత సర్దుకోక తప్పదు.

మన దగ్గర హైదరాబాద్ బ్రదర్స్, ప్రియా సిస్టర్స్ లాంటి తోబుట్టువుల కచేరీలు విన్నవాళ్ళకి ఒక తేడా తెలుస్తుంది. అక్కడ ఇద్దరూ ఒకే స్వరం మీద వెళ్తారు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందుకుంటారు, గాంధారం వెంట గాంధారంగా సమాంతరంగా నడవడం రాగం ఒప్పుకోదు. కలిసిపోవడం అనే సమస్య మాత్రం రెండు చోట్లా ఉంది, ఒకే స్వరం మీదైతే ఇంకా కష్టం, గమకంలో వెంట్రుక తేడా వచ్చినా దొరికిపోతారు.

ఇక రికార్డులు. 1956లో కొలంబియా కంపెనీలో ఒక రికార్డు వేశారు, ఎవరూ పట్టించుకోలేదు. 1957లో ఆర్చీ బ్లేయర్ నడిపే కేడెన్స్ అనే చిన్న కంపెనీకి, ఫెలిస్, బూడ్లో బ్రయంట్ అనే భార్యాభర్తలు రాసిన ‘బై బై లవ్’ పాడారు, నాష్‌విల్‌లో, గిటార్ చెట్ అట్కిన్స్. అంతకుముందు ఆ పాట చాలామంది దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చిందే. అది కంట్రీ చార్టుల్లో ఒకటో స్థానం, పాప్‌లో రెండు. మొదట్లో వచ్చే ఆ గిటార్ దెబ్బలు డాన్‌వి, తీగల్ని ఓపెన్ జీ శ్రుతికి (వేళ్ళు పెట్టకుండా మీటినా జీ కార్డు పలికేలా) మార్చుకుని వాయించాడు, బో డిడ్లీ అనే గిటారిస్టు ప్రభావం. అదే ఏడాది ‘వేక్ అప్ లిటిల్ సూజీ’ ఒకటో స్థానానికి వెళ్ళింది. 1958లో ‘ఆల్ ఐ హావ్ టు డూ ఈజ్ డ్రీమ్’. అదే ఏడాది వచ్చిన ‘సాంగ్స్ అవర్ డాడీ టాట్ అజ్’ ఆల్బమ్ అమ్మకాల్లో వీటి పక్కన నిలబడదు గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, గిటారూ బేసూ తప్ప ఏమీ లేవు, చెవిని పరీక్షించుకోవాలంటే అదే పెట్టుకోవాలి.

అప్పటి సింగిల్స్ (ఒక్కో పాట కోసం వేసే చిన్న రికార్డులు) దాదాపు అన్నీ మోనో. అంటే ఎటువైపు నుంచి వస్తోంది అనే ఆధారం మెదడుకి అసలు అందదు, ఇద్దరూ ఒకే స్పీకర్ లోంచే వస్తారు. స్టేజీ మీద కూడా చాలాసార్లు ఇద్దరూ ఒకే మైక్ ముందు మొహాలు దగ్గరపెట్టి పాడేవాళ్ళు, అవతలివాడి పెదాలు చూస్తూ, ఎవరి గొంతు ఎంత ఉండాలో అక్కడికక్కడే సర్దుకుంటూ. తర్వాత రోజుల్లో విడివిడి ట్రాకుల మీద, వేరువేరు రోజుల్లో పాడించి ఇంజనీర్ కలిపే పద్ధతి వచ్చాక ఈ సర్దుబాటు గాయకుల చేతిలోంచి పోయింది, అది నష్టమేనని నా అభిప్రాయం.

1960లో వార్నర్ బ్రదర్స్ కంపెనీ వాళ్ళని పదేళ్ళకి పది లక్షల డాలర్ల ఒప్పందంతో తీసుకుందని అప్పట్లో గొప్పగా ప్రచారమైంది. అక్కడ మొదటి సింగిలే ‘క్యాథీస్ క్లౌన్’, అమెరికాలో అయిదు వారాలు, బ్రిటన్‌లో ఏడు వారాలు ఒకటో స్థానం. ఇంజనీర్ బిల్ పోర్టర్ డ్రమ్స్‌ని టేప్ లూప్ (చుట్టూ తిరుగుతూ శబ్దాన్ని మళ్ళీ వినిపించే టేపు) గుండా తిప్పి వాయించే బడ్డీ హార్మన్ ఒక్కడే అయినా ఇద్దరు వాయిస్తున్నట్టు చేశాడు. ఒకే పాటలో ఒక డ్రమ్మర్ ఇద్దరయ్యాడు, ఇద్దరు గాయకులు ఒక్కరయ్యారు, తమాషాగా లేదూ.

ఆ తర్వాత దిగడమే. మేనేజర్ వెస్లీ రోజ్‌తో గొడవతో బ్రయంట్ దంపతుల పాటలు దూరమయ్యాయి, 1961 చివర్లో అమెరికా సైన్యంలోని మెరైన్ రిజర్వ్‌లో చేరి కొన్ని నెలలు పోయాయి, అంతలో బీటిల్స్ వచ్చేశారు. 1962 బ్రిటన్ టూర్‌లో డాన్ ఆరోగ్యం పాడై వెళ్ళిపోతే ఫిల్ ఒక్కడే షోలు చేశాడు, డాన్ భాగం బ్యాండులోని ఇంకొకరు పాడారు. 1973 జులైలో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్‌లో షో మధ్యలో ఫిల్ గిటార్ పగలగొట్టి వెళ్ళిపోయాడు, మిగతాది డాన్ పూర్తిచేశాడు. పదేళ్ళపాటు ఇద్దరి మధ్య దాదాపు మాటల్లేవు, 1975లో నాన్న అంత్యక్రియల దగ్గర కలవడం తప్ప.

ఈ పదేళ్ళే సైన్సు దృష్టితో నాకు ఆసక్తి, ఎందుకంటే ఇద్దరూ వేరే జతలతో పాడి చూశారు. డాన్ కంట్రీ గాయని ఎమిలూ హారిస్‌తో పాడాడు, ఫిల్ 1983 మొదట్లో బ్రిటిష్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌తో ‘షీ మీన్స్ నథింగ్ టు మీ’ పాడితే బ్రిటన్‌లో టాప్ టెన్‌లోకి కూడా వెళ్ళింది. పాట బాగుంటుంది, ఇద్దరూ గట్టి గాయకులే, కానీ ఎవరు ఎవరో మొదటి లైన్‌కే తెలిసిపోతుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో అన్నదమ్ములు మళ్ళీ ఒక స్టేజీ ఎక్కారు, ఆ కచేరీ రికార్డింగు దొరుకుతుంది. వయసు వల్ల గొంతులు కొంచెం బరువెక్కాయి, చెప్పాలంటే వేగం కూడా తగ్గింది, కానీ పదేళ్ళు పలకరించుకోని ఆ ఇద్దరి అచ్చులూ హల్లులూ అక్కడక్కడే పడుతున్నాయి. ఫిల్ 2014 జనవరిలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, డాన్ 2021 ఆగస్టులో. క్లిఫ్ రిచర్డ్ పాటా, ఆ 1983 కచేరీలో ఏదో ఒక పాటా వెంటవెంటనే పెట్టుకుని వినండి, ఇయర్‌ఫోన్స్ తీసేసి ఒకే స్పీకర్ మీద వింటే ఇంకా మంచిది.