పైలట్ జీతాన్ని నిర్ణయించిందేమిటి?

విమానయాన సంస్థల్లో జీతాల వివాదం తలెత్తిన ప్రతిసారీ, నెలకు లక్షలు అందుకునే పైలట్లకు ఇంకా పెంచాలా అన్న ప్రశ్న చర్చకు వస్తుంది. వారి శిక్షణకూ బాధ్యతకూ తగిన ప్రతిఫలం దక్కాలనడం సమంజసమే. అయితే మన దేశంలో పైలట్ జీతాన్ని ప్రధానంగా నిర్ణయించినవి ఆ రెండూ కావు. శిక్షణ ఖర్చు ఎవరి మీద పడింది, అనుభవజ్ఞులైన కెప్టెన్లకు ఎంత కొరత ఉంది అన్న అంశాలే ఎక్కువగా నిర్ణయించాయి. ఆ చరిత్రలో హైదరాబాద్‌కు గట్టి భాగమే ఉంది.

నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలను నడిపింది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు, ఇతర సంస్థలు కాదన్నాక, ఉద్యోగమిచ్చింది ఈ కంపెనీయే. 1953లో జాతీయీకరణతో డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ ప్రభుత్వ సంస్థ తన పైలట్ల శిక్షణ కోసం హైదరాబాద్‌లోనే సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను నడిపింది. ఏ రకం విమానం నడపాలో దానికి సంబంధించిన ప్రత్యేక శిక్షణ ఖర్చును సంస్థే పెట్టుకుని, అందుకు బదులుగా కొన్నేళ్లు తన దగ్గరే పనిచేయాలని ఉద్యోగి నుంచి బాండ్ రాయించుకునేది. జీతం పరిమితంగా ఉన్నా ఉద్యోగ భద్రత, పింఛను, సీనియారిటీ ప్రకారం వచ్చే ప్రమోషన్ ఆ లోటును కొంత పూడ్చేవి.

1990ల ఆరంభంలో ప్రైవేటు సంస్థలు వచ్చాక ఈ ఏర్పాటు కదిలిపోయింది. ప్రభుత్వ ఖర్చుతో తయారైన పైలట్లకు కొత్త కంపెనీలు ఎక్కువ జీతాలు చూపడంతో, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో మిగిలినవారు సమానత్వం కోరుతూ 1992 డిసెంబరులో సమ్మెకు దిగారు. సర్వీసులు ఆగకుండా ఉజ్బెకిస్తాన్ నుంచి సిబ్బందితో సహా అద్దెకు తెచ్చిన ఒక టూపొలెవ్ విమానం 1993 జనవరి 9న ఢిల్లీలో దిగుతూ తిరగబడింది. అందులోని వారంతా ప్రాణాలతో బయటపడ్డారు. జీతాల పేచీ భద్రతను ఎంత దగ్గరగా తాకుతుందో చూపిన ఆ ఘటనకు తగినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం.

2003 తర్వాత చవక టికెట్ల సంస్థలు విస్తరించడంతో కెప్టెన్ల కొరత తీవ్రమై, విదేశీ పైలట్లను కూడా రప్పించవలసి వచ్చింది. జీతాలు పెరిగాయి, వాటితోపాటే కట్టడులూ వచ్చాయి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017 నాటి నిబంధన ప్రకారం ఉద్యోగం మానదలచిన కెప్టెన్ ఏడాది ముందు, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. జీతాలను మార్కెట్టే తేలుస్తుందని వాదించే సంస్థలు, ఆ మార్కెట్‌లో పైలట్ స్వేచ్ఛగా కదలకుండా ఉండే నిబంధనను మాత్రం సమర్థించడం న్యాయంగా లేదు.

ఈలోగా శిక్షణ భారం సంస్థల నుంచి కుటుంబాలకు మారిపోయింది. కమర్షియల్ లైసెన్సుకు కనీసం 200 గంటలు విమానం నడపాలి. బేగంపేటలోనో నాదర్‌గుల్‌లోనో చిన్న సెస్నా విమానంపై గంటల లెక్కన రుసుము కట్టి ఆ అనుభవం కూడబెట్టుకునే విద్యార్థికి, వాతావరణం బాగోలేక ఎగరని వారాలు కూడా హాస్టల్ ఖర్చులుగా మిగులుతాయి. ఆపైన టైప్ రేటింగ్, అంటే ఒక రకం విమానం నడపడానికి కావలసిన ప్రత్యేక శిక్షణ, ఖర్చు వేరు. విమానయాన సంస్థల తరఫున నడిచే క్యాడెట్ శిక్షణ ప్రోగ్రాముల్లో మొత్తం కోటి రూపాయల దరిదాపులకు చేరుతోంది. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి అప్పు తెచ్చిన కుటుంబానికి ఉద్యోగం ఖాయమన్న హామీ లేదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడినప్పుడు అనుభవజ్ఞులు సైతం జీతం బకాయిలతో రోడ్డున పడ్డారు. వారితో పోటీపడవలసిన కొత్తవారి పరిస్థితి చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం వచ్చాక కూడా పరీక్షలు ఆగవు. దాదాపు ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో కూర్చుంటే, టేకాఫ్‌లో ఇక ఆగే వీలులేని వేగం దాటిన క్షణాన పరీక్షకుడు ఒక ఇంజన్‌ను ఆపేస్తాడు. ఒకవైపు లాగేస్తున్న విమానాన్ని కాలితో రడ్డర్ నొక్కి నిలబెట్టి, మిగిలిన ఇంజన్‌తో పైకి లేపి, చుట్టూ తిప్పి దించి చూపాలి. మెడికల్‌లో రక్తపోటో గుండె జబ్బో బయటపడితే లైసెన్సు అక్కడికక్కడే నిలిచిపోవచ్చు. వైద్యుడికి, న్యాయవాదికి ఇంత తరచుగా తమ అర్హతను రుజువు చేసుకోవలసిన పని లేదు.

అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో వద్ద కోల్గన్ ఎయిర్ విమానం కూలినప్పుడు, ప్రాంతీయ సర్వీసుల కో-పైలట్లకు ఎంత స్వల్పంగా చెల్లిస్తున్నారో విచారణలో వెల్లడై దేశమంతా నివ్వెరపోయింది. అంతకు నెల ముందే విమానాన్ని హడ్సన్ నదిపై దించి 155 మందిని కాపాడిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్, ఆ ఫిబ్రవరిలోనే తన జీతం 40 శాతం తగ్గిందని ఆ దేశ చట్టసభకు చెప్పాడు.

మన దగ్గర తాజా వివాదం జీతం మొత్తం కంటే దాని కూర్పు గురించి. ఇక్కడ ఆదాయంలో పెద్ద భాగం ఎగిరిన గంటలను బట్టి వస్తుంది. అన్ని గంటలు ఎగరకపోయినా నెలకు 70 గంటలకు ఖాయంగా చెల్లించే పద్ధతిని 40 గంటలకు కుదించడాన్ని 2023లో ఎయిర్ ఇండియా పైలట్లు వ్యతిరేకించారు. అదే కారణంగా 2024 వసంతంలో విస్తారా సర్వీసులు రద్దయ్యాయి. కెప్టెన్ల మొత్తం జీతం తక్కువని నేను అనను. కానీ ఖాయమైన భాగం కుంచించుకుపోతే, అలసిన మనిషి సెలవు అడగడానికి వెనకాడతాడు. అందుకే పెంచవలసింది ఈ ఖాయమైన భాగాన్ని, అందులోనూ అప్పుల భారం మోస్తున్న ఫస్ట్ ఆఫీసర్లకు ముందుగా. రాత్రి ల్యాండింగులను తగ్గించి, వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచిన నిబంధనలకు సరిపడా పైలట్లు లేక 2025 డిసెంబరులో ఇండిగో సర్వీసులు పెద్ద సంఖ్యలో రద్దయి, శంషాబాద్‌లో ప్రయాణికులు గంటల తరబడి నిలిచిపోయారు. ఆ సంక్షోభాన్ని తట్టుకోవడానికి డీజీసీఏ చేసిన పని, అలసట తగ్గించడానికి తెచ్చిన ఆ నిబంధనల్లో కొన్నింటిని ఆ సంస్థకు తాత్కాలికంగా సడలించడం.