ఆఖరి స్థానం కోసం పోటీ

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో సీజన్ ముగింపుకొచ్చేసరికి ఒక వింత కనిపిస్తుంది. పట్టికలో అట్టడుగున ఉన్న జట్ల అభిమానులు కొందరు తమవాళ్లు గెలిస్తే తలలు పట్టుకుంటారు. కింద ఉన్నకొద్దీ డ్రాఫ్ట్‌లో ముందుగా ఆటగాణ్ణి ఎంచుకునే అవకాశం పెరుగుతుంది మరి. ఆ ఏడాది అసాధారణమైన కుర్రాడెవడైనా ఉన్నాడంటే ఇక చెప్పక్కర్లేదు. వాడొస్తేనే జట్టుకు భవిష్యత్తు అన్న మాట ఊరంతా పాకిపోతుంది. ఈ నమ్మకం ఇంతగా పాతుకుపోవడానికి పిట్స్‌బర్గ్ కారణం.

డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిది కాదు. పాట పాడేది లేదు, కోట్లు గుమ్మరించేది లేదు. పద్దెనిమిదేళ్ల వయసు కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, ఓడిన జట్టుకు ముందు వంతు. ఒకప్పుడు పెద్ద క్లబ్బులు జూనియర్ జట్లను పోషిస్తూ, మీసాలు కూడా రాని పిల్లల మీద హక్కులు రాయించుకునేవి. దానికి విరుగుడుగా 1963లో మాంట్రియల్‌లో తొలి డ్రాఫ్ట్ పెట్టారు. బలహీనులకు చేయూత ఇవ్వాలన్నది ఉద్దేశం. ఎవరైనా కావాలనే బలహీనపడితే ఏం చేయాలన్నది అప్పట్లో ఎవరికీ తట్టినట్టు లేదు.

1983-84 సీజన్‌లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కు అది తట్టింది. అప్పటికే 1975లో ఒకసారి దివాలా తీసిన క్లబ్బు అది. మ్యాచ్‌కు సగటున 7 వేల మంది కూడా రావడం లేదు. అదే సమయంలో క్విబెక్ జూనియర్ లీగ్‌లో మారియో లెమ్యూ అనే కుర్రాడు 70 మ్యాచ్‌ల్లో 133 గోల్స్ కొట్టాడు. వాడికోసం అడుగున నిలవాల్సిన పోటీ పెంగ్విన్స్‌కూ న్యూజెర్సీ డెవిల్స్‌కూ మధ్య పడింది. మార్చిలో పెంగ్విన్స్ జనరల్ మేనేజర్ ఎడ్డీ జాన్‌స్టన్ తన జట్టులో పేరున్న డిఫెన్స్ ఆటగాడు రాండీ కార్లైల్‌ను విన్నిపెగ్‌కు ఇచ్చేశాడు. మూడేళ్ల కిందట లీగ్ మొత్తంలో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా అవార్డు అందుకున్న మనిషి అతను. గోల్‌కీపర్ రోబెర్టో రొమానోను కింది లీగ్‌కు దింపి, విన్సెంట్ ట్రెంబ్లేను పైకి తెచ్చారు. ట్రెంబ్లే నాలుగు మ్యాచ్‌ల్లో 24 గోల్స్ ఇచ్చుకున్నాడు. చివరికి పెంగ్విన్స్‌కు 38 పాయింట్లు, డెవిల్స్‌కు 41. మూడంటే మూడే పాయింట్ల తేడాతో ఆఖరి స్థానం ‘గెలుచుకున్నారు’. ఇదంతా కావాలని చేసిందేనని కోచ్ లూ అంగోట్టి ఏళ్ల తర్వాత ఒప్పుకున్నాడు.

డ్రాఫ్ట్ రోజున లెమ్యూ జీతం గొడవ మీద అలిగి పెంగ్విన్స్ జెర్సీ వేసుకోలేదు. అక్టోబరులో బోస్టన్‌తో ఆడిన తొలి మ్యాచ్‌లో మాత్రం, మంచు మీదికి దిగిన మొదటిసారే బోస్టన్ ఆటగాడు రే బోర్క్ దగ్గర పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) లాక్కుని గోల్ కొట్టాడు. కెరీర్‌లో అతని తొలి షాట్ అది. ఆ సీజన్‌లో సగటు హాజరు 10 వేలకు చేరింది.

సాధారణంగా కథ ఇక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత కూడా వరుసగా నాలుగు సీజన్లు పెంగ్విన్స్ ప్లేఆఫ్స్ మొహం చూడలేదన్నది ఎవరూ చెప్పరు. 1991లో తొలి స్టాన్లీ కప్, అంటే లీగ్ విజేత ట్రోఫీ, వచ్చిన సీజన్‌లో లెమ్యూ వెన్ను ఆపరేషన్ వల్ల లీగ్ దశ 80 మ్యాచ్‌ల్లో 26 మాత్రమే ఆడాడు. ప్లేఆఫ్స్‌లో అతనే హీరో, అందులో అనుమానం లేదు. కానీ అక్కడిదాకా బండి లాగింది వేరేవాళ్లు. మార్పిడిలో తెచ్చుకున్న పాల్ కాఫీ, గోల్‌కీపర్ టామ్ బరాసో, ఆ మార్చిలోనే హార్ట్‌ఫర్డ్ నుంచి వచ్చిన రాన్ ఫ్రాన్సిస్, ముందున్న నాలుగు జట్లు వద్దనుకుంటే ఐదో వంతులో దొరికిన యారొమీర్ యాగర్.

పిట్స్‌బర్గ్‌ను చూసి వాత పెట్టుకున్నది ఒటావా. 1992-93లో 24 పాయింట్లతో ఆఖరున నిలిచి అలెగ్జాండర్ డేగ్‌ను దక్కించుకుంది. కావాలనే ఓడారన్న ఆరోపణ మీద లీగ్ విచారణ జరిపింది. ఆధారం దొరకలేదంటూనే లక్ష డాలర్ల జరిమానా వేసింది. 1995 నుంచి మొదటి వంతు ఎవరిదో తేల్చడానికి లాటరీ పెట్టింది. ఐదేళ్లకు కోటీ 20 లక్షల డాలర్ల పైచిలుకు ఒప్పందం చేసుకున్న డేగ్ అంచనాల దరిదాపులకు కూడా రాలేదు. అతని తర్వాతి వంతులో వెళ్లిన క్రిస్ ప్రాంగర్ 2000లో లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. ఒటావాను ఏళ్ల తరబడి మోసిన డేనియల్ ఆల్ఫ్రెడ్‌సన్ 1994 డ్రాఫ్ట్‌లో 133వ వాడు.

డెట్రాయిట్ సంగతి ఇంకా తమాషా. వాళ్ల పావెల్ డాట్‌స్యూక్ 171వ వంతు, హెన్రిక్ జెటర్‌బర్గ్ 210వ వంతు. 2008లో డెట్రాయిట్ కప్ కొట్టింది వీళ్లిద్దరి బలంతోనే. అదీ ఫైనల్లో పెంగ్విన్స్ మీద, 2005లో మొదటి వంతులో వచ్చిన సిడ్నీ క్రాస్బీ ఉన్న జట్టు మీద.

లాటరీ వచ్చినా ఆశ చావలేదు. 2015లో అందరి కళ్లూ కానర్ మెక్‌డేవిడ్ మీదే. ఆ మార్చిలో బఫలోలో సొంత స్టేడియంలోనే బఫలో సేబర్స్ అభిమానులు, అరిజోనా ఆటగాడు ఓవర్‌టైమ్‌లో తమ మీద గోల్ కొడితే కేరింతలు కొట్టారు. టికెట్ కొనుక్కుని వచ్చి మరీ! వాళ్లు కోరుకున్నట్టే బఫలో ఆఖరున నిలిచింది. లాటరీ మాత్రం 11.5 శాతం అవకాశమున్న ఎడ్మంటన్‌కు తగిలింది. 2010, 2011, 2012లో వరుసగా మొదటి వంతు పొంది కూడా ప్లేఆఫ్స్‌కు చేరలేకపోయిన జట్టు అది. మెక్‌డేవిడ్ వచ్చాక ఎడ్మంటన్ 2024, 2025 ఫైనల్స్ రెండింటిలోనూ ఫ్లోరిడా చేతిలో ఓడింది. బఫలోకు దక్కిన జాక్ ఐకెల్ అక్కడున్నన్నాళ్లూ ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడలేదు. 2021లో వేగాస్‌కు వెళ్లి 2023లో కప్ ఎత్తాడు. వేగాస్ జట్టు 2017లో పుట్టింది, మొదటి వంతు దానికి ఎన్నడూ దక్కలేదు.

నన్నడిగితే జనం రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేస్తున్నారు. కప్పు సంగతి ఒకటి, క్లబ్బు ఊళ్లో నిలవడం ఇంకొకటి. రెండో దానికి కుర్రాడి అవసరం నిజమే. 1998లో పెంగ్విన్స్ మళ్లీ దివాలా తీస్తే, వాళ్లు తనకు బాకీపడ్డ జీతంలో పెద్ద మొత్తాన్ని వాటాగా మార్చుకుని లెమ్యూనే యజమాని అయ్యాడు. కొన్నేళ్లకు జట్టు కాన్సస్ సిటీకి తరలిపోతుందన్న టెన్షన్ మొదలైంది. 2005 లాటరీలో క్రాస్బీ దక్కి ఉండకపోతే 2007లో కొత్త స్టేడియం ఒప్పందం కుదిరేదా అంటే నాకు అనుమానమే.

కప్పు దారి వేరు. 2023లో లాటరీ గెలిచి కానర్ బెడార్డ్‌ను తెచ్చుకున్న షికాగో, ఆ తర్వాతి రెండు సీజన్లూ 32 జట్లలో 31వ స్థానంలోనే ఉండిపోయింది.