సింగరేణి: గట్టెక్కించింది 1998 బ్యాలెట్

సింగరేణి బొగ్గు గనుల్లో గుర్తింపు సంఘం, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడేందుకు ఎన్నికైన సంఘం గొడవ మళ్లీ రాజుకుంది. దాని కాలపరిమితి రెండేళ్లా, నాలుగేళ్లా అన్నది పాత పేచీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్, దానికి కొత్త చిక్కు తెచ్చింది. మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉంటేనే ఒక సంఘం ఒంటరిగా యాజమాన్యంతో బేరమాడగలదు. 2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం ఎన్నికల్లో గెలిచిన ఏఐటీయూసీ అనే కార్మిక సంఘానికి పడినవి 16,177 ఓట్లు. మొత్తం ఓటర్లు 39,773 మంది. అంటే 41 శాతం కూడా కాదు.

1981 సమ్మె, సికాస (సింగరేణి కార్మిక సమాఖ్య) రోజులు అందరికీ తెలిసినవే. ఇప్పటి తగవు అర్థం కావాలంటే 1998 దగ్గర ఆగాలి.

అంతకుముందు లెక్కకు మించిన సంఘాలు ఉండేవి. ఒకరితో కుదిరిన ఒప్పందాన్ని మరొకరు ఒప్పుకునేవారు కాదు. ఎవరిది అసలు బలమో తేల్చే దారి లేదు కాబట్టి, పని ఆపించగలగడమే బలానికి రుజువైంది. ఏడాదికి వందల సమ్మెలు జరిగాయి. నష్టాలు వెయ్యి కోట్లు దాటాయి, సంస్థ రెండుసార్లు ఖాయిలా పడ్డ పరిశ్రమల వ్యవహారాలు చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది.

గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడానికి 1998 సెప్టెంబరు 9న రహస్య బ్యాలెట్ పెట్టారు. ఏఐటీయూసీ గెలిచింది. గని, ఏరియా, కార్పొరేట్ స్థాయిల్లో యాజమాన్యం, గుర్తింపు సంఘం కూర్చుని మాట్లాడుకునే స్ట్రక్చర్డ్ సమావేశాలు నడిచాయి. గని మేనేజర్ దగ్గర తేలనిది ఏరియా జీఎం దగ్గరకు, అక్కడా తెగకపోతే కొత్తగూడెంలోని ప్రధాన కార్యాలయానికి వెళ్లేది. సమస్య చెప్పుకోవడానికి షిఫ్టు ఆపాల్సిన పని తగ్గింది. సంస్థ లాభాల బాట పట్టింది, కార్మికులకు లాభాల్లో వాటా వచ్చింది.

ఓపెన్‌కాస్టులు (ఉపరితల గనులు), యంత్రాలు, అప్పులపై దొరికిన వెసులుబాటే గట్టెక్కించాయని అధికారుల వాదన. వాటి పాత్ర లేదనలేం. కానీ ఎంత ఖరీదైన యంత్రమైనా షిఫ్టు నడిస్తేనే బొగ్గు తీస్తుంది. లక్ష దాటిన కార్మికుల సంఖ్య 40 వేల లోపుకు పడిపోతున్నా గనులు నిలిచిపోలేదంటే, మాట్లాడుకునే వేదిక ఉండటమే ప్రధాన కారణం.

ఆ వేదికను ఆలస్యాలు బలహీనపరిచాయి. 2017 తర్వాత మళ్లీ ఓటు వేయడానికి కార్మికులు ఆరేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. 2023-24 లాభాల పంపకంలో దాని ప్రభావం కనిపించింది. 4,701 కోట్ల లాభంలో విస్తరణకని 2,289 కోట్లు ముందే తీసి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు పంచారు. మొత్తం లాభంపై లెక్క కట్టాలన్నది కార్మికుల డిమాండు. ఎంత పక్కన పెట్టాలో తేలేటప్పుడు గట్టిగా అడగాల్సింది ఎన్నికైన సంఘమే.

కొత్త కోడ్ ప్రకారం 51 శాతం ఎవరికీ లేకపోతే, 20 శాతానికి తగ్గని మద్దతున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. 2023 ఓట్లే ప్రమాణమైతే 14,178 ఓట్లు వచ్చిన మరో సంఘం ఐఎన్‌టీయూసీ కూడా అందులో కూర్చుంటుంది. ఓటు హక్కే లేని కాంట్రాక్టు కార్మికులకు మాత్రం ఈ ఎన్నికల్లో ఇప్పటికీ చోటు లేదు.