విటమిన్ డి పరీక్ష, పొడి ప్యాకెట్లు, లేత ఎండ: అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను సాధారణ వైద్యుడిగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఆంధ్ర సరిహద్దుకు ఇవతల గజపతి జిల్లాలోని కాశీనగరం వైపు నుంచి, అవతల శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువ మంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వారి చేతిలోని మందుల చీటీ మాత్రం ఇంగ్లిషులో ఉంటుంది, మందుల షాపులో చెప్పిన మాట ఒడియాలో ఉంటుంది. విటమిన్ డి మందు విషయంలో నేను చూసిన ప్రమాదకరమైన పొరపాట్లు చాలావరకు ఈ మూడు భాషల సందులోనే పుట్టాయి. అందుకే నా దగ్గర రోజూ వినబడే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటిలో నిజమెంతో తెలుగులో రాస్తున్నాను.

అపోహ: ఒళ్లు నొప్పులుంటే ముందుగా విటమిన్ డి పరీక్షే చేయించాలి. ఏ బాధా లేనివారు కూడా ఏడాదికోసారి చేయించుకుంటే మంచిది.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఈ పరీక్షను అలవాటుగా చేయించనవసరం లేదని అమెరికాలోని హార్మోన్ల వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. నా అనుభవం కూడా అదే చెబుతోంది. కూలి డబ్బు ఖర్చుపెట్టి పరీక్ష చేయించుకున్న మనిషికి ఆ అంకె వల్ల వైద్యంలో ఏ మార్పూ రాకపోతే ఆ ఖర్చు దండగే.

పరీక్ష నిజంగా అవసరమైనవారు వేరే ఉన్నారు. నడుము, తొడలు, పక్కటెముకల దగ్గర లోతుగా సలిపే నొప్పి ఉండి, పీట మీద నుంచి లేవాలంటే చేతులు ఆన్చవలసి వచ్చేవారు, మెట్లెక్కలేక ఊగుతూ నడిచేవారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, దీర్ఘకాలంగా మూర్ఛ మందులు గాని, క్షయకు రిఫాంపిసిన్ గాని వాడుతున్నవారు, పేగులు, కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవారు, కాళ్లు వంకర తిరుగుతున్న పిల్లలు ఈ కోవలోకి వస్తారు. వీరికి విటమిన్ డి ఒక్కటే చూసి ఊరుకోకూడదు. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే ఎంజైము, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ కూడా చూడాలి. ఎముకల్లో మెత్తదనం మొదలైతే ఆల్కలైన్ ఫాస్ఫటేస్ పెరుగుతుంది. నాకు విటమిన్ అంకె కంటే ఆ పెరుగుదలే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది.

నొప్పులన్నీ ఈ లోపం వల్లే వస్తాయనుకోవడంలో ఇంకో ముప్పు ఉంది. మన వైపు కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు ఉంది. దానివల్ల కూడా ఎముకల్లో తీవ్రమైన నొప్పులు వస్తాయి. థైరాయిడ్ తగ్గినా, చికున్‌గున్యా వచ్చిపోయినా ఒళ్లంతా నొప్పులే. విటమిన్ డి తక్కువగా కనబడగానే అసలు కారణం దొరికేసిందని వెతకడం మానేస్తే, నష్టపోయేది రోగి.

అపోహ: రిపోర్టులో 30 కంటే తక్కువ ఉంటే అది జబ్బే.

వాస్తవం: రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఉంటే దాదాపు అందరి ఎముకలకూ సరిపోతుందని అమెరికా వైద్య సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో తేల్చింది. అదే ఏడాది ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలన్నది. చాలా ల్యాబులు ఆ 30నే పట్టుకుని, దానికి దిగువన ఉన్న ప్రతి అంకెనూ ముదురు అక్షరాల్లో ముద్రిస్తున్నాయి. ఆ సొసైటీయే 2024లో తన పాత 30 గీతను వదులుకున్నదని ఆ కాగితం చూసి బెంగపడేవారికి తెలియదు. 12 కంటే తక్కువ ఉంటే దాన్ని లోపంగానే తీసుకుని వైద్యం చేస్తాను. 12కూ 20కీ మధ్య ఉంటే మనిషిని, లక్షణాలను, మిగతా పరీక్షలను చూసి నిర్ణయిస్తాను. 20 దాటి, ఏ బాధా లేనివారికి మందు రాయను.

రిపోర్టు చదివేటప్పుడు అంకె పక్కన ఉన్న కొలమానం కూడా చూడాలి. కొన్ని ల్యాబులు నానోగ్రాములకు బదులు నానోమోల్స్‌లో ఇస్తాయి. మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అంటే లీటరుకు రెండున్నర నానోమోల్స్. అంటే ఒక కాగితం మీద 50, మరో కాగితం మీద 20 ఉన్నా రెండూ ఒకటే కావచ్చు. బరంపురంలో ఒకసారి, విశాఖలో ఒకసారి చేయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి "తగ్గిపోయింది డాక్టరు గారూ" అని కంగారుపడేవారికి నేను మొదట చూపించేది ఈ కొలమానాన్నే. కొలమానం ఒకటే అయినా ల్యాబుల యంత్రాలు, పద్ధతులు వేరు కాబట్టి కొద్ది తేడా సహజం. అందుచేత మళ్లీ చేయించేటప్పుడు వీలైనంతవరకు అదే ల్యాబులో చేయించడం మేలు.

అపోహ: పరగడుపున వెళ్లాలి, ఖరీదైన పరీక్ష అయితే మరింత సరిగ్గా తెలుస్తుంది.

వాస్తవం: తిని వెళ్లినా ఫలితం మారదు. చేయించవలసింది 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష. శరీరంలో నిల్వ ఎంతుందో అదే చెబుతుంది. అది రెండు మూడు వారాలపాటు రక్తంలో నిలకడగా ఉంటుంది. 1,25-డైహైడ్రాక్సీ అనే మరో పరీక్ష ఉంది. ఆ రూపం కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది. పైగా నిల్వ తగ్గినప్పుడు పారాథైరాయిడ్ హార్మోను పెరిగి దాన్ని మామూలు స్థాయిలోనో, ఇంకా పైనో నిలబెడుతుంది. లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి ఆ పరీక్ష పనికిరాదు.

అపోహ: పొద్దుటి లేత ఎండలో కూర్చుంటే విటమిన్ డి వస్తుంది, మధ్యాహ్నపు ఎండ చెడ్డది.

వాస్తవం: ఈ మాట మా అమ్మమ్మ కూడా చెప్పేది, ఆవిడ మీద నాకు ఎంతో గౌరవం. అయినా ఈ విషయంలో సూర్యుడి లెక్క వేరు. చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి కావలసిన అతినీలలోహిత బి కిరణాలు, సూర్యుడు పల్లంగా ఉన్నప్పుడు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి చాలావరకు ఆగిపోతాయి. దీనికి గడియారం కంటే మంచి కొలత మన నీడే. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఆ ఎండ విటమిన్ డికి బాగా పనికొస్తుంది. పర్లాకిమిడి దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరులో కూడా మధ్యాహ్నానికి ఇటూ అటూ కలిపి సుమారు రెండు గంటలపాటు ఇక్కడ నీడ మనకంటే పొట్టిగానే ఉంటుంది. వేసవిలో ఆ సమయం ఎన్నో గంటలు సాగుతుంది.

వారానికి మూడు నాలుగు రోజులు, ముఖానికీ చేతులకూ మోకాళ్ల కిందికీ తగిలేలా, 20 నుంచి 30 నిమిషాలు చాలామందికి సరిపోతుంది. చామనఛాయ, నలుపు చర్మంలోని మెలనిన్ కిరణాలను అడ్డుకుంటుంది కనుక మనకు తెల్లచర్మం వారికంటే ఎక్కువ సమయమే కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పదకొండులోపు పది నిమిషాలు చాలు. వడదెబ్బ తగిలించుకుని సంపాదించవలసిన విటమిన్ ఏదీ లేదు. అద్దాల కిటికీ వెనుక ఎండ ఎంత కాచినా ఫలితం ఉండదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. ఎండలో ఎంతసేపున్నా విటమిన్ డి విషంగా మారే స్థాయికి పెరగదు. అవసరానికి మించి తయారైనదాన్ని ఆ ఎండే విరగ్గొడుతుంది.

మన ఎండలో ఈ లోపం ఎందుకొస్తుందని చాలామంది అడుగుతారు. పలాస జీడిపప్పు షెడ్లలో పగలంతా నీడలో కూర్చునే ఆడవాళ్లను, బజారులో తెల్లవారితే షట్టరు ఎత్తి రాత్రికి దించే దుకాణదారులను, పొలంలో నిండు చేతుల చొక్కా వేసుకుని తలకు తువ్వాలు చుట్టుకుని పనిచేసేవారిని చూస్తే జవాబు దొరుకుతుంది.

అపోహ: చోడి అంబలి, పాలు బాగా తీసుకుంటే చాలు.

వాస్తవం: చోళ్లలో (రాగుల్లో) కాల్షియం పుష్కలంగా ఉంది, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. విటమిన్ డి మాత్రం వాటిలో లేదు. మామూలు పాలలోనూ చాలా తక్కువ. గుడ్డు పచ్చసొనలో కొంత, కొవ్వు ఎక్కువగా ఉండే చేపల్లో మరికొంత ఉంటుంది. ప్యాకెట్టు మీద నీలి రంగులో ప్లస్ ఎఫ్ గుర్తు ఉన్న పాలు, నూనెల్లో ప్రత్యేకంగా కలుపుతారు. అంబలి మానవద్దు, విటమిన్ డి పెరిగినప్పుడు ఎముకలు పట్టుకోవడానికి ఆ కాల్షియం కావాలి.

అపోహ: పొడి ప్యాకెట్లు ఎంత త్వరగా పూర్తిచేస్తే అంత త్వరగా బాగవుతుంది.

వాస్తవం: నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ అపోహే. కొంతకాలం క్రితం 60 దాటిన ఒక రైతును ఆయన కొడుకు నా దగ్గరకు తీసుకువచ్చాడు. పది రోజులుగా వాంతులు, మలబద్ధకం, ఎంత నీళ్లు తాగినా తీరని దాహం, మాటలో తడబాటు. పక్షవాతమేమోనని వారి భయం. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు 13.8 మిల్లీగ్రాములు ఉంది. 10.5 దాటకూడదు. "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే కొడుకు చేతి సంచిని నా బల్ల మీద బోర్లించాడు. ఖాళీ విటమిన్ డి పొడి ప్యాకెట్లు, ఒక్కొక్కటి 60,000 యూనిట్లది. లెక్కపెడితే 54 ఉన్నాయి. మోకాళ్ల నొప్పికి ఎక్కడో చూపించుకున్నప్పుడు వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాశారు. ఇంగ్లిషులో రాసిన ఆ ముక్కను ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు. ఆయన రోజుకొకటి వేసుకున్నారు, నొప్పి తగ్గలేదని మళ్లీ మళ్లీ కొన్నారు. ఏడాదికి పైగా సరిపోయే 32 లక్షల 40 వేల యూనిట్లు రెండు నెలలు తిరగకుండానే ఒంట్లోకి చేరాయి. ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించి కాల్షియం దించాము. విటమిన్ డి కొవ్వులో నిల్వ ఉంటుంది కనుక అది పూర్తిగా దిగడానికి నెలలు పట్టింది. ఆయన మూత్రపిండాలు కోలుకోవడం అదృష్టం.

లోపం తేలిన పెద్దలకు సాధారణంగా రాసేది వారానికి ఒక 60,000 యూనిట్ల ప్యాకెట్టో, గుళికో, ఎనిమిది వారాలు. పాలతో గాని, కొంచెం నూనో నెయ్యో ఉన్న భోజనం తర్వాత గాని వేసుకుంటే బాగా పడుతుంది. ఆ రైతు వచ్చి వెళ్లిన నాటి నుంచి నేను ప్రతి ఒక్కరినీ "మీ ఊరి సంత ఏ రోజు?" అని అడుగుతున్నాను. సంత గురువారమైతే మందు కవరు మీద తెలుగులో "సంత రోజు ఒకటి" అని పెద్ద అక్షరాలతో రాసి, చదవడం రానివారికి రెండుసార్లు వారి చేతే చెప్పిస్తాను. వారానికి ఒకటి అన్న మాట మరిచిపోవచ్చు గాని సంత రోజును ఎవరూ మరిచిపోరు.

అపోహ: ఒక పెద్ద ఇంజెక్షన్ వేయించుకుంటే ఏడాదంతా చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఒక్కసారే ఇచ్చి ఆస్ట్రేలియాలో పెద్ద వయసు స్త్రీలపై చేసిన పరిశోధన 2010లో వెలువడింది. మందు తీసుకున్నవారే ఎక్కువగా పడిపోయారు, వారికే ఎముకలు ఎక్కువగా విరిగాయి. నోటి ద్వారా చిన్న మోతాదుల్లో తీసుకోవడమే మేలు. పేగుల జబ్బుతో మందు పట్టనివారికి తప్ప నేను ఇంజెక్షన్ రాయను.

అపోహ: విటమిన్ డి పేరున్న మందులన్నీ ఒకటే, కిడ్నీ రోగులు ఎంతైనా వాడవచ్చు.

వాస్తవం: కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో, అంటే ఉద్దానంలో, మూత్రపిండాల వ్యాధి ఎందరి ఇళ్లలో ఉందో మన వైపు వారికి చెప్పనక్కర్లేదు. విటమిన్ డిని చివరగా పనిచేసే రూపంలోకి మార్చేది మూత్రపిండమే. అది దెబ్బతిన్నవారికి కొన్నిసార్లు కాల్సిట్రయాల్ అనే సిద్ధరూపం రాస్తారు. దాని మోతాదు 0.25 మైక్రోగ్రాముల వంటి చిన్న కొలతల్లో ఉంటుంది, అది వేగంగా పనిచేస్తుంది, కాల్షియంను త్వరగా పెంచుతుంది. దాన్ని వాడినా రక్తంలో 25-హైడ్రాక్సీ అంకె పెరగదు. ఆ అంకె చూసి మందు పనిచేయలేదనుకుని, పక్కింటివారి పొడి ప్యాకెట్లు కూడా కలిపి వేసుకున్నవారిని నేను చూశాను. కిడ్నీ రోగులు, మూత్రపిండాల్లో రాళ్లున్నవారు, క్షయ రోగులు వైద్యుడు చెప్పకుండా వీటిలో ఏదీ వాడకూడదు.

అపోహ: విటమిన్ డి వేసుకుంటే గుండెజబ్బు, క్యాన్సరు రావు.

వాస్తవం: అమెరికాలో 25,871 మందిపై రోజుకు 2,000 యూనిట్లతో సుమారు ఐదేళ్లు సాగిన వైటల్ పరిశోధనలో గుండెజబ్బులు గాని, క్యాన్సర్లు గాని తగ్గలేదు.

అపోహ: ఎనిమిది వారాలు అయ్యాక ఇక అవసరం లేదు, నెలకోసారి పరీక్ష చేయించుకుంటే చాలు.

వాస్తవం: మళ్లీ పరీక్ష మూడు నెలలకు. అంతకంటే ముందు చేయిస్తే అంకె ఇంకా పైకి పోతూ ఉంటుంది, ఎక్కడ నిలిచేదీ తెలియదు. పెరిగిన తర్వాత ఎండకు వెళ్లే మార్గం లేనివారికి నెలకొక 60,000 ప్యాకెట్టు రాస్తాను. అది రోజుకు 2,000 యూనిట్లతో సమానం. పెద్దలకు రోజువారీ అవసరం 600 యూనిట్లు. స్థూలకాయులకు అదే అంకె చేరడానికి రెండు మూడు రెట్ల మోతాదు పట్టవచ్చు.

అపోహ: పసిబిడ్డకు నువ్వుల నూనె రాసి పొద్దుటి ఎండలో పడుకోబెడితే సరిపోతుంది.

వాస్తవం: నూనె మర్దనా బిడ్డకు హాయినిస్తుంది, మానవద్దు. తల్లిపాలలో మాత్రం విటమిన్ డి చాలా తక్కువ. అందుకని పుట్టిన నాటి నుంచి ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు ఇవ్వాలని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఇక్కడా కొలత జాగ్రత్తే. షాపుల్లో ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లున్న సీసాలూ, 800 యూనిట్లున్న సీసాలూ పక్కపక్కనే ఉంటాయి. సీసా మారితే గీత మారుతుంది. టీకాలకు వచ్చినప్పుడు ఆ సీసానూ, దాంతో వచ్చిన డ్రాపరునూ తీసుకురండి. 400ది అయితే ఒక మిల్లీలీటరు గీత వరకు, 800ది అయితే అర మిల్లీలీటరు గీత వరకు, ఆ గీత మీద గోటితో గుర్తు పెట్టి చూపిస్తాను.