సంక్రాంతి తేదీలో లీపు లెక్క

లీపు సంవత్సరం గురించి పిల్లలకు మనం సాధారణంగా నేర్పేది ఒక భాగహారం మాత్రమే. సంవత్సరాన్ని నాలుగుతో భాగించినప్పుడు శేషం మిగలకపోతే ఫిబ్రవరికి 29 రోజులు. పరీక్షకు అది సరిపోతుంది కానీ, ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు తెలియదు. భూమి సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి పట్టే కాలం సరిగ్గా 365 రోజులు కాదనీ, దానిపై ఇంచుమించు ఆరు గంటలు అదనంగా పడుతుందనీ ముందు చూపిస్తే, నియమాన్ని వాళ్లే రాబట్టగలరు. చూపించడానికి పంచాంగాన్ని మించిన సాధనం ఇంట్లో మరొకటి లేదు.

సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే సమయాన్ని పంచాంగంలో ఏటా ఇస్తారు. దృక్ గణితం (ఆకాశంలో గ్రహాలు నిజంగా కనిపించే స్థానాలను బట్టి వేసే లెక్క) ప్రకారం ఆ సంక్రమణం 2021లో జనవరి 14 ఉదయం, 2022లో అదే తేదీ మధ్యాహ్నం, 2023లో అదే తేదీ రాత్రి, 2024లో అర్ధరాత్రి దాటాక, అంటే 15వ తేదీ తెల్లవారుజామున జరిగింది. ఏటా ఆరు గంటలు, మరికొన్ని నిమిషాలు ముందుకు జరుగుతూ వచ్చిన ఆ సమయం 2025లో మళ్లీ 14వ తేదీ ఉదయానికి వచ్చేసింది. 2024 ఫిబ్రవరిలో చేరిన అదనపు రోజే దానిని వెనక్కి లాగింది. ఇక్కడ పిల్లలను తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 2024 లీపు సంవత్సరమే కదా, మరి ఆ ఏడాది సంక్రాంతి 14న ఎందుకు రాలేదు? లీపు రోజు వచ్చేది ఫిబ్రవరి చివర. సంక్రాంతి అప్పటికే అయిపోయింది. ఈ జవాబు తమంతట తాము చెప్పగలిగిన పిల్లలకు విషయం అర్థమైనట్టే.

గంటల లెక్క ఇంకా రాని చిన్నవాళ్లతో వారాల లెక్క చేయించవచ్చు. 365 రోజులంటే 52 వారాలు పోను ఒక రోజు మిగులు, కాబట్టి ఏ తేదీ అయినా మరుసటి ఏడాది వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది. ఆగస్టు 15 మాత్రం 2023లో మంగళవారం వచ్చి, మధ్యలో ఫిబ్రవరి 29 చేరడంతో 2024లో బుధవారాన్ని దాటేసి గురువారం వచ్చింది.

పెద్ద పిల్లలకు అసలు అంకెలు చెప్పడానికి వెనుకాడనక్కర్లేదు. ఋతువులు తిరిగి మొదటికి రావడానికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు పడుతుంది. క్రీ.పూ. 45లో జూలియస్ సీజర్ అమలులోకి తెచ్చిన క్యాలెండరు దీనిని నిండు ఆరు గంటలుగా లెక్కించింది. ఏడాదికి పదకొండు నిమిషాల ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది కానీ, 128 ఏళ్లలో అది ఒక రోజవుతుంది. మార్చి 21 ప్రాంతంలో ఉండవలసిన వసంత విషువత్తు, అంటే పగలు రాత్రి సమానమయ్యే రోజు, 16వ శతాబ్దానికి మార్చి 11కు జరిగిపోవడంతో, పోప్ పదమూడవ గ్రెగరీ 1582లో పది రోజులను తీసివేయించాడు. ఆ సంస్కరణను వెంటనే పాటించిన దేశాలలో అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 అయింది. తేడా మళ్లీ పేరుకోకుండా, శతాబ్ది సంవత్సరాలలో 400తో నిశ్శేషంగా భాగించబడేవే లీపు సంవత్సరాలని నిర్ణయించారు.

ఈ శతాబ్ది నియమం పిల్లలకు పొడిగా తోచకుండా ఉండాలంటే మొరార్జీ దేశాయ్ పుట్టినరోజు లెక్క వేయించాలి. మన మాజీ ప్రధాని 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాకపోవడం వల్ల ఆ తేదీ మళ్లీ 1904లో కానీ రాలేదు, అంటే మొదటి ‘అసలు’ పుట్టినరోజుకు ఎనిమిదేళ్లు ఆగవలసి వచ్చింది. 1995లో, 99 ఏళ్ల వయసులో ఆయన మరణించేనాటికి అలాంటి పుట్టినరోజులు ఎన్ని వచ్చి ఉంటాయో పిల్లలను లెక్కించమనండి. నాలుగుతో భాగించి ఊరుకున్నవారు 24 అంటారు. 1900ను గుర్తుంచుకున్నవారు 23 అంటారు. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలలో చాలామంది 2100ను చూడవచ్చు కనుక, ఆ ఏడాది కూడా ఫిబ్రవరి 28తోనే ముగుస్తుందని వాళ్లకు చెప్పి ఉంచడం మంచిది.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక చిక్కు పట్టుకుంటారు. స్వామి వివేకానంద 1863 జనవరి 12న, మకర సంక్రాంతి నాడు పుట్టారు కదా, క్యాలెండరును అంత జాగ్రత్తగా సరిదిద్దితే సంక్రాంతి 12 నుంచి 14కు, 15కు ఎలా జరిగింది? లీపు రోజు కాపాడేది ఋతువులను; మన సంక్రాంతిని లెక్కించేది నక్షత్రాలను బట్టి. వేగం తగ్గిన బొంగరంలా భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకుంటూ ఉండడం వల్ల, నక్షత్రాల లెక్కలోని ఏడాది ఋతువుల ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. అందుకే సంక్రాంతి దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతోంది.

నాయనమ్మో అమ్మమ్మో ఇంట్లో ఉంటే అధిక మాసం సంగతి వాళ్లచేతనే చెప్పించవచ్చు. పన్నెండు చాంద్రమాసాలు కలిసి సుమారు 354 రోజులే కాబట్టి ఏటా పదకొండు రోజులు తరుగు పడుతుంది. దానిని పూడ్చడానికి మన పంచాంగం 32, 33 నెలలకొకసారి ఒక నెలనే చేరుస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. ఇస్లామీయ క్యాలెండరు కూడా చంద్రుని లెక్కే అయినా దానిలో అధిక మాసం లేదు, అందువల్ల రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తూ, దాదాపు 33 ఏళ్లలో ఎండాకాలాన్నీ వానాకాలాన్నీ చలికాలాన్నీ చుట్టివస్తుంది.