వెనక లైట్ రావట్లేదా? సెట్టు కొనే ముందు ఎర్త్ చూడండి

"అన్నా, వెనక లైట్ పోయింది, కొత్త సెట్టు ఎంతవుద్ది?" ఫోన్ ఎత్తగానే ఇదే ప్రశ్న. బల్బు విప్పి చూశారా అంటే లేదు. ఫ్యూజ్ చూశారా అంటే అదెక్కడుంటుందో తెలీదు. ఎవరో చెప్పారట, ఈ మోడల్లో అంతే, సెట్టు మొత్తం మార్చాల్సిందేనని. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేసుకునే నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. వెనక లైట్ల విషయంలో జనం అనవసరంగా పోగొట్టుకునే డబ్బులో ఎక్కువ భాగం పోయేది దీనివల్లే. కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: లైట్ రాకపోతే సెట్టు మార్చాలి

సెట్టు అంటే ఏముందండీ, ఎర్ర అద్దం, వెనక రిఫ్లెక్టర్, ప్లాస్టిక్ బాడీ. అద్దం పగిలితే మార్చండి. లోపల నీళ్లు నిలిచిపోతుంటే మార్చండి. హోల్డర్ కూర్చునే చోటు వేడికి కరిగిపోతే మార్చండి. కరెంటు రాకపోతే ప్లాస్టిక్ మార్చి ఏం లాభం? బల్బులుండే కార్లలో ముందు చూడాల్సింది బల్బు, తర్వాత హోల్డర్‌లో కాంటాక్టులు, తర్వాత కప్లర్ (వైర్లని సెట్టుకి కలిపే ప్లగ్గు), ఎర్త్, ఫ్యూజ్. ఇవన్నీ చూశాకే సెట్టు మాట.

చాలా కార్లలో పార్కింగ్ లైటుకీ బ్రేక్ లైటుకీ ఒకటే బల్బు, లోపల రెండు ఫిలమెంట్లు. 5 వాట్లది పార్కింగ్‌కి, 21 వాట్లది బ్రేక్‌కి. ఒకటి కాలిపోయినా రెండోది వెలుగుతూనే ఉంటుంది. "లైట్ వస్తోందిగా, బల్బు బాగానే ఉంది" అనుకునేది ఇక్కడే. రాత్రి ఎర్రగా వెలుగుతున్నంత మాత్రాన బ్రేక్ వేసినప్పుడు వెలుగుతుందని కాదు, రెండూ విడివిడిగా చూడాలి.

ఇక అసలు దొంగ ఎర్త్. వెనక లైటులోకి వెళ్లిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది కారు బాడీ గుండానే. దానికోసం సెట్టు దగ్గర్నుంచి ఒక వైరు వెళ్లి డిక్కీలో ఎక్కడో ఒక బోల్టు కింద కూర్చుంటుంది. చాలా బళ్లలో ఆ పక్కనున్న పార్కింగ్, బ్రేక్, ఇండికేటర్, రివర్స్ అన్నింటికీ అదొక్కటే ఎర్త్. డిక్కీలో తడి చేరి ఆ బోల్టు తుప్పు పట్టిందా, కరెంటు పోవడానికి దారి దొరక్క పక్క బల్బు ఫిలమెంటులోంచి దూరి వెళ్తుంది. అప్పుడు చూడండి తమాషా. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా దాంతోపాటు కొట్టుకుంటుంది. పార్కింగ్ వేసి బ్రేక్ తొక్కితే వెలుగు పెరగాల్సింది పోయి ఉన్న లైటే ఆరిపోతుంది. ఇలాంటి పిచ్చి వేషాలు ఏవి కనిపించినా ముందు ఎర్త్‌నే అనుమానించండి.

మరి సెట్టు మార్చాక బాగైపోయింది కదా అంటారు కొందరు. అవుతుంది, ఎందుకవ్వదు? సెట్టు మార్చేటప్పుడు కప్లర్ పీకి మళ్లీ గుచ్చుతారు, ఆ రాపిడికి పిన్నుల మీద పట్టిన చిలుం కాస్త పోతుంది, హోల్డర్ కదులుతుంది, లైట్ వచ్చేస్తుంది. వానలు పడగానే మళ్లీ మొదటికే వస్తుంది.

గుడివాడ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అలాగే వచ్చారు. వేరేచోట ఎడమ పక్క కొత్త సెట్టు వేయించుకున్నారు, కొన్నాళ్లకే బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలగడం మళ్లీ మొదలైంది. ఈసారి వైరింగ్ మొత్తం పోయింది, ఇలాగే తిప్పితే బండి అంటుకుంటుందని చెప్పి పంపారట. పాపం ఆయన చీకటి పడితే కారు తియ్యడం మానేశారు, భార్యని ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా ఆటో పిలుస్తున్నారు. డిక్కీలో కార్పెట్ ఎత్తి చూస్తే ఎర్త్ బోల్టు తుప్పుతో పొలుసులు లేచిపోయి ఉంది. విప్పి, కింద మెరిసే ఇనుము కనిపించేదాకా గరుకు కాగితంతో రుద్ది, వైరు చివరున్న రింగు మార్చి గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాశాను. అంతే. "పాత సెట్టు ఏది మాస్టారూ" అని అడిగితే అక్కడే వదిలేశానన్నారు. అది బాగున్న సెట్టే అని ఆయనకి చెప్పాలంటే నాకే నోరు రాలేదు.

మీరే చూసుకోవాలంటే కష్టమేం కాదు. డిక్కీ తెరిస్తే చాలా కార్లలో సెట్టుకి రెండు బోల్టులు ఉంటాయి, 10 నంబరు స్పానర్ సరిపోతుంది. బయటి పక్క క్లిప్పులుంటాయి కాబట్టి నేరుగా వెనక్కి లాగాలి, పక్కకి తిప్పితే విరుగుతాయి. హోల్డర్ తిప్పి తీసి, బల్బుని లోపలికి నొక్కి ఎడమకి తిప్పితే ఊడివస్తుంది. బల్బు బాగుంటే తిరిగి పెట్టేసి, లైట్లు ఆన్‌లో ఉంచి, ఒక వైరుముక్క ఒక చివర హోల్డర్ ఎర్త్ పిన్నుకి, రెండో చివర రంగు లేని ఇనుప బోల్టుకి ఆనించండి. లైట్ వెలిగిందంటే దొంగ దొరికినట్టే. ఏది ఎర్త్ పిన్నో తెలియకపోతే మాత్రం వద్దు, వేరే పిన్నుకి తగిలిస్తే ఫ్యూజ్ ఎగిరిపోతుంది. ఎవరైనా ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, "ముందు ఎర్త్ చూడన్నా" అనండి చాలు.

ఇంకో గుర్తు. ఒక పక్కే రావట్లేదంటే తప్పు చాలావరకు ఆ పక్కనే ఉంటుంది. మూడు బ్రేక్ లైట్లూ, అంటే పైన అద్దం దగ్గరున్న దానితో సహా, ఒకేసారి పోయాయంటే బల్బులు కాదు. మూడు బల్బులు కూడబలుక్కుని ఒకేరోజు చావవు. ఫ్యూజ్ చూడండి, తర్వాత బ్రేక్ పెడల్ పైనుండే స్విచ్ చూడండి. ఆటోమేటిక్ కారు బ్రేక్ తొక్కినా పార్క్ నుంచి కదలనంటూ, బ్రేక్ లైట్లు కూడా రావట్లేదంటే నేనైతే ముందు ఆ స్విచ్చే చూస్తాను.

అపోహ: ఎల్ఈడీ లైట్లు కదా, ఏది పోయినా సెట్టే

ఇందులో సగం నిజం ఉంది. లోపల బోర్డు పోతే చాలావాటిలో విడిగా దొరకదు. వారంటీ ఉంటే ముందు షోరూమ్‌కే వెళ్లండి. కానీ ఎల్ఈడీ అని చెప్పి అమ్మే చాలా కార్లలో ఇండికేటరూ రివర్సూ ఇప్పటికీ మామూలు బల్బులే. 50, 60 రూపాయల బల్బు కోసం వేలు పోయకండి.

అపోహ: హోల్డర్‌లో దూరితే ఏ బల్బైనా ఒకటే

కాదు. రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్కనుండే పిన్నులు ఒకటి పైకి ఒకటి కిందకి ఉంటాయి, తప్పుగా దూరకూడదనే. ఒంటి కాంటాక్టు బల్బుని అందులో బలవంతంగా తోస్తే అది కింద రెండు కాంటాక్టుల్నీ కలిపేస్తుంది. ఇక బ్రేక్ తొక్కినప్పుడల్లా డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి, ఓనరేమో దెయ్యం పట్టిందంటాడు. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే హోల్డర్ కరుగుతుంది. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్ఈడీ వేస్తే గులాబీ రంగు వస్తుంది, వెలుగూ తగ్గుతుంది. వేసుకోవాలనుంటే ఎర్రదే వేసుకోండి. ఇండికేటర్‌లో ఎల్ఈడీ వేశాక టకటకా వేగంగా కొట్టుకుంటుంటే అది కాలిపోయిందని కాదు, కరెంటు తక్కువ తీసుకోవడంతో బల్బు పోయిందని బండి అనుకుంటోంది.

అపోహ: మీటర్ వెలుగుతోంది కాబట్టి వెనక కూడా వెలుగుతోంది

ఇది డబ్బు సంగతి కాదు, ప్రాణం సంగతి. ఇప్పటి చాలా కార్లలో ఇంజన్ స్టార్ట్ చేస్తే చాలు మీటర్ వెలుగుతుంది, ముందు డీఆర్ఎల్, అంటే పగలు కూడా వెలిగే చిన్న లైట్లు, వెలుగుతాయి. రోడ్డు కూడా కొద్దిగా కనిపిస్తుంది. వెనక మాత్రం చాలా కార్లలో చీకటే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 65వ నంబరు జాతీయ రహదారి మీద నందిగామ, సూర్యాపేట వైపు మంచులో ఇలా పోయేవాళ్లని చూస్తుంటాను, దగ్గరికి వెళ్లేదాకా ముందు కారుందని తెలియదు. స్విచ్ తిప్పండి బాబూ. లైట్ల స్విచ్ 'ఆటో' మీద పెట్టామని ధీమా వద్దు, అది వెలుతురు చూస్తుంది, మంచుని చూడదు.

ఒక్కరే ఉన్నప్పుడు చెక్ చేయడం ఎలా అంటారా? రాత్రి గోడకి వెనక్కి పెట్టి బ్రేక్ తొక్కి అద్దాల్లో చూడండి, ఏ పక్క వెలుగు తగ్గిందో తెలిసిపోతుంది. లేదంటే వెనక ఫోన్ వీడియోలో పెట్టి ఒక్కొక్కటీ వేయండి.

చిన్నాచితకా ఇంకొన్ని. వానాకాలంలో అద్దం లోపల పల్చగా ఆవిరి పట్టి, లైట్ వేశాక పోతే భయం లేదు, గాలి ఆడటానికి వాటికి సన్న కన్నాలుంటాయి. నీళ్లు అడుగున నిలిస్తేనే సమస్య. బల్బుని వేలితో ముట్టుకుంటే పోతుందన్నది హెడ్‌లైట్ హాలోజెన్ బల్బుల సంగతి, ఈ చిన్న బల్బుల్ని గుడ్డతో తుడిచి పెట్టేయండి. నల్ల ఫిల్మ్ అంటించిన వెనక లైట్లు తీసుకొచ్చి డిమ్‌గా ఉందని నన్నడగొద్దు.

ఇక ఎడమ పక్క రివర్స్ లైట్ రావట్లేదని టెన్షన్ పడుతూ వచ్చేవాళ్లకి: కొన్ని కార్లలో రివర్స్ లైట్ ఒక పక్కే ఇస్తారు, రెండో పక్క అద్దం మాత్రమే, విప్పి చూస్తే హోల్డర్ పెట్టే కన్నం కూడా ఉండదు. వెనక ఫాగ్ లైటూ అంతే, చాలావాటిలో ఒక్కటే. మాన్యువల్ చివర్లో బల్బుల పట్టిక ఉంటుంది, మీ బండికి ఎన్ని, ఎన్ని వాట్లవి అన్నది అందులో చూసి రండి.