‘ఏమీ లేదు’ అని రాసివ్వాలంటే

మా ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో, మెట్ల పక్కన ఒక చిన్న గది ఉండేది. అందరం హాట్ రూమ్ అనేవాళ్లం. ఏసీ ఏడాదిలో సగం రోజులు పనిచేసేది కాదు కాబట్టి హైదరాబాద్ ఎండల్లో ఆ పేరు రెండు విధాలా సరిపోయేది. డీఎన్ఏ ముక్కలకి రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 తగిలించే పనంతా అందులోనే. తలుపు మీద పసుపు స్టిక్కర్, దాని మీద రేడియేషన్ ఉందని చెప్పే మూడు రెక్కల గుర్తు. లోపలికి వెళ్లాలంటే చొక్కాకి రేడియేషన్ లెక్కకట్టే బ్యాడ్జి ఉండాలి, చేతులకి రెండు జతల గ్లవ్స్ ఉండాలి, దళసరి యాక్రిలిక్ పలక వెనక చేతులు పెట్టి పని చేసుకోవాలి. ఊడ్చే ఆయమ్మ మాత్రం గడప దాటకూడదు. నేల మేమే తుడుచుకోవాలని రూలు. తుడిచామా అంటే, ఆ సంగతి అడక్కండి.

90ల్లో ఏ మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌కి వెళ్లినా ఇలాంటి గది ఒకటి కనిపించేది. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కూడా మొదట్లో ఈ పద్ధతి మీదే నడిచింది. రేడియోధార్మిక ప్రోబ్ అంటించి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్ల గీతలు తేలేదాకా ఎదురుచూడటమే పని. హైదరాబాద్ వాళ్లకి ఇంకో సౌకర్యం ఉండేది. జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ ఆవరణలోనే, అణుశక్తి శాఖకి చెందిన బ్రిట్ సంస్థ వాళ్ల ‘జొనాకి’ ప్రయోగశాల ఉంది. ఫాస్ఫరస్-32 తగిలించిన న్యూక్లియోటైడ్లు, అంటే డీఎన్ఏని కట్టే ఇటుకలు, అక్కడే తయారయ్యేవి. (జొనాకి అంటే బెంగాలీలో మిణుగురు. అణుశక్తి శాఖలో పేర్లు పెట్టేవాళ్లలో ఎవరో కవి ఉన్నారని నా అనుమానం.) తర్వాత ఫ్లోరసెంట్ రంగులు వచ్చాయి. పని తేలికైంది, భయం తగ్గింది. ఐసోటోపుల, అంటే ఫాస్ఫరస్-32 లాంటి రేడియోధార్మిక పదార్థాల, ఆర్డర్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. గది మిగిలింది.

కొత్త మైక్రోస్కోపు పెట్టడానికి ఆ గది కావాలని పైనుంచి కబురొచ్చింది. రెండు వారాల్లో ఖాళీ చేసిస్తారా అని అడిగారు. మా రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్, అందరూ ఆర్‌ఎస్‌ఓ అని పిలిచే పెద్దాయన, నవ్వారు. “ఖాళీ చేయడానికి రెండు వారాలెందుకండీ, రెండు రోజులు చాలు. ఇవ్వడానికే టైం పడుతుంది” అన్నారు.

ఆ తేడా నాకప్పుడు అర్థం కాలేదు. గదిని అలా ఇవ్వడాన్ని నియంత్రణ సంస్థలు ‘ఆంక్షలు లేని వాడకం’ కోసం విడుదల చేయడం అంటాయి. అంటే రేపు ఆ గదిలో క్యాంటీన్ పెట్టుకున్నా, ఉద్యోగుల చంటిపిల్లలకి క్రెష్ పెట్టుకున్నా, గోడలు పగలగొట్టి ఆ ఇటుకలు ఎవరింటికి పట్టుకెళ్లినా ఎవరూ ఎవర్నీ అడగాల్సిన పని ఉండకూడదు. ఆ మాట మీద సంతకం పెట్టాలి. ఉన్నదాన్ని ఉందని చూపించడం సులువు. లేనిదాన్ని లేదని చూపించాలంటే ఎక్కడెక్కడ వెతికామో, దేనితో వెతికామో, అది కనిపించేంత చూపు మన దగ్గర ఉందో లేదో కూడా చూపించాలి.

మొదటి పని రేడియేషన్ మీటరు పట్టుకోవడం అనుకున్నాను. ఆయన నా చేతిలో రిజిస్టర్ పెట్టారు. ఏ ఐసోటోపు, ఎంత, ఏ తేదీన వచ్చింది, ఎవరు వాడారు, మిగిలింది ఎక్కడ పారేశారు, ఇరవై ఏళ్ల లెక్క. సగం పేజీల మీద టీ మరకలు. (హాట్ రూమ్ రిజిస్టర్ మీద టీ మరక అంటే ఏమిటో ఆర్‌ఎస్‌ఓ గారు గమనించారు, పైకి ఏమీ అనలేదు.)

రిజిస్టర్ ఎందుకు ముందంటే, ఏ పదార్థమో తెలిస్తేనే ఎంతకాలం ఉంటుందో తెలుస్తుంది. ఫాస్ఫరస్-32 అర్ధాయువు 14.3 రోజులు. అంటే రెండు వారాలకోసారి సగమైపోతుంది. 250 మైక్రోక్యూరీల సీసాలో మొదటి రోజు సెకనుకి 92 లక్షల పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. దాన్ని మూల పడేసి ఏడాది తర్వాత వచ్చి చూస్తే అయిదు సెకన్లకి సుమారు ఒకటి. ఇలాంటి వాటికి అన్నిటికన్నా మంచి మందు తాళం వేసి ఊరుకోవడం. సల్ఫర్-35 అయితే సగమవడానికి 87 రోజులు. ట్రిటియంకి 12.3 ఏళ్లు. కార్బన్-14కి 5,730 ఏళ్లు. శాతవాహనుల కాలంలో ఎవరైనా కార్బన్-14 ఒలకబోసి ఉంటే ఇవాళ్టికీ అందులో ముప్పాతిక వంతుకి పైగా అక్కడే ఉండేది. దాని విషయంలో తాళం వేసి కూర్చుంటే లాభం లేదు.

మా రిజిస్టర్‌లో దాదాపు అన్ని పేజీలూ ఫాస్ఫరస్-32వే. ఒక్క చోట మాత్రం కార్బన్-14 గ్లూకోజు వచ్చినట్టు ఉంది, కొంత వాడినట్టు ఉంది, పారేసినట్టు లేదు. తెప్పించిన స్కాలర్ ఎప్పుడో దేశం దాటి వెళ్లిపోయాడు. ఆ సీసా కోసం మూడు రోజులు వెతికాం. డీప్ ఫ్రీజర్ అడుగున, రాయిలా గట్టిపడ్డ మంచులో ఇరుక్కుని కనిపించింది. మూత కొంచెం వదులుగా ఉంది. ఆర్‌ఎస్‌ఓ గారి ముఖంలో నవ్వు పోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

రిజిస్టర్‌కే ఎక్కనివి ఇంకా కష్టం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం రంగు వేసే యురేనిల్ ఎసిటేట్ అనే పసుపు పొడి మామూలు రసాయనాల అలమారాలో ఉప్పు, పంచదారల పక్కన కూర్చుని ఉంటుంది. యురేనియం-238 అర్ధాయువు దాదాపు 450 కోట్ల ఏళ్లు, భూమి వయసంత. సింటిలేషన్ కౌంటర్ రేడియోధార్మికతని కొలిచే యంత్రం కదా, దాని కడుపులోనే సరిచూసుకోవడానికి పెట్టిన చిన్న సీజియం గానీ, బేరియం గానీ, పాత మోడల్ అయితే రేడియం గానీ దాక్కుని ఉంటుంది. పురుగుమందుల అవశేషాలు పట్టే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో నికెల్-63 రేకు. పాత పొగ డిటెక్టర్లో అమెరీషియం. తుక్కు కింద వేలానికి వెళ్లేది సరిగ్గా ఇలాంటి సామానే.

అలా వెళ్తే ఏమవుతుందో మన దేశం 2010లో చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో గామా సెల్ అనే యంత్రం ఉండేది, లోపల గామా కిరణాలు వదిలే కోబాల్ట్-60. 1985 నుంచి ఎవరూ ముట్టుకోలేదు. పాతికేళ్లు ఒక గదిలో ఉండిపోయిన దాన్ని 2010 ఫిబ్రవరిలో పాత సామాన్లతో కలిపి వేలం వేశారు. అది ఢిల్లీలోనే మాయాపురి తుక్కు బజారుకి చేరింది. అక్కడ సీసం కవచం విప్పి ముక్కలు చేశారు. ఒకాయన మెరుస్తున్న చిన్న ముక్కని పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఏప్రిల్‌కల్లా చర్మం కాలిపోయి, జుట్టు ఊడిపోయి మనుషులు ఆస్పత్రుల్లో చేరారు. ఒకరు చనిపోయారు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. వాడకం ఆగిన ఆ పాతికేళ్లలో అది దాదాపు 27వ వంతుకి తగ్గిపోయాక జరిగిన సంగతి ఇది. యంత్రం అసలేమిటో తెలిసినవాళ్లు రిటైరైపోయారు, కాగితం చూసినవాళ్లు లేరు. నా దృష్టిలో ఆ ప్రమాదానికి సగం కారణం కోబాల్టు, సగం మతిమరుపు.

సీసాలన్నీ లెక్క తేలాక, పంపాల్సినవి పంపించాక, అప్పుడు గది దగ్గరికి వచ్చాం. నేల, బెంచీలు, మనిషి ఎత్తు దాకా గోడలు సుద్దముక్కతో గళ్లు గీసి నంబర్లు వేశాం. పెళ్లింట్లో ముగ్గు పెట్టడానికి చుక్కలు పెట్టినట్టుంది. జీఎం (గైగర్-ముల్లర్) రేడియేషన్ మీటరు పట్టుకుని ప్రతి గడి మీదా, సెంటీమీటరు ఎత్తులో, నత్తలా కదిలించాలి. తొందరపడితే ముల్లు కదిలేలోపే దాటిపోతాం. ఆ తర్వాత స్వైప్ టెస్ట్. రూపాయి బిళ్లంత ఫిల్టర్ పేపర్ తీసుకుని పది సెంటీమీటర్ల చదరంలో పాము నడిచినట్టు మెలికలుగా, ఒకే ఒత్తిడితో తుడవాలి. ఆ పేపర్‌ని చిన్న సీసాలో వేసి, రేడియేషన్ తగిలితే మెరిసే సింటిలేషన్ ద్రవం పోసి సింటిలేషన్ కౌంటర్లో పెట్టాలి. రెండువందల చిల్లర సీసాలు. రాత్రంతా యంత్రం ఒక్కొక్కటీ మింగి, లెక్కపెట్టి, కక్కేది.

మీటరు ఉండగా ఈ తుడుపు దేనికని అడిగాను. ట్రిటియం వదిలే ఎలక్ట్రాన్లు ఎంత బలహీనమంటే, గాలిలో అర సెంటీమీటరు పైచిలుకు వెళ్లి ఆగిపోతాయి. మీటరు ముందుండే పల్చటి అభ్రకం కిటికీని దాటలేవు. బెంచీ నిండా ట్రిటియం ఒలికి ఉన్నా మీటరు మౌనంగానే ఉంటుంది. కార్బన్-14 అయితే వందలో కొన్ని మాత్రమే పట్టుకుంటుంది. సినిమాల్లో చూపించే ఆ టిక్ టిక్ వినిపించలేదు కాబట్టి శుభ్రం అనుకుంటే గోవిందా.

మాకు కౌంట్లు తగిలింది ఎవరికీ అనుమానం లేని చోట. బెంచీలన్నీ శుభ్రం, ఫ్యూమ్ హుడ్ శుభ్రం. ఫ్రీజర్ తలుపు పిడి మీద, సింకు కింద వంపు గొట్టంలో కార్బన్-14. మనిషి గ్లవ్స్‌తో దేన్ని ముట్టుకుంటాడో చూస్తే కారణం తెలిసిపోతుంది. పని చేసే చోట అందరం జాగ్రత్తగానే ఉంటాం, తలుపు తీసేటప్పుడు ఎవరుంటారు? పిడి సబ్బునీళ్లకే లొంగింది. గొట్టం లొంగలేదు. కోసి, పాలిథిన్‌లో చుట్టి, చెత్త లెక్కలో రాసి పంపించాం.

ఇక ముల్లు సున్నాకి ఎప్పుడూ రాదు. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైటు మీద. అందులో కొంచెం యురేనియం, కొంచెం థోరియం, బోలెడంత పొటాషియం. భీమిలి తీరంలో ఇసుకలో మోనజైట్ ఉంటుంది, అందులో థోరియం. ప్రకృతి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి అందే రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ ఎలాగూ అందుతుంది. కాబట్టి అదే అంతస్తులో, అవే టైల్స్ ఉండి, ఐసోటోపు గాలి కూడా సోకని ఒక గది చూసుకుని ముందు దాన్ని కొలవాలి. మాకు దొరికింది పాత జర్నల్స్ పడేసిన స్టోర్ రూమ్. హాట్ రూమ్ కౌంట్లని ఆ గదితో పోల్చాం. ఒక మూల స్టోర్ రూమ్‌లోనే ఎక్కువ వచ్చింది, గ్రానైటు గట్టు మహిమ.

ఈ పోల్చడంలో ఒక తమాషా ఉంది. అమెరికాలో నాలుగు ప్రభుత్వ శాఖలు కలిసి 1997లో ‘మార్సిమ్’ అనే మార్గదర్శిని తెచ్చాయి. చాలా దేశాల్లో ఈ పని చేసేవాళ్లు దాన్ని తిరగేస్తారు. అందులో లెక్క మొదలయ్యేదే ‘ఈ గది పరిమితికి మించి కలుషితమై ఉంది’ అన్న ఊహతో. కాదని అంకెలు గట్టిగా చెప్తేనే విడుదల. కోర్టులో నేరం రుజువయ్యేదాకా నిర్దోషి, ఇక్కడ నిర్దోషి అని రుజువయ్యేదాకా ముద్దాయే. కొలతలు తక్కువ తీసుకుని పని కానిచ్చేద్దామంటే నష్టం మనకే. సరిపడా సాక్ష్యం లేదని గది అలాగే ఉండిపోతుంది.

మరి ఎంత ఉంటే ‘లేదు’ అని రాయొచ్చు? అమెరికా నియమం ప్రకారం, విడుదలైన చోట ఉండేవాళ్లకి మిగిలిపోయిన పదార్థం వల్ల ఏడాదికి 0.25 మిల్లీసీవర్ట్ దాటకూడదు. అంటే ప్రకృతి ఇచ్చే దాంట్లో పదో వంతు. ఆ లోపల కూడా వీలైనంత తగ్గించాలి. వాడిన సామాను, చెత్త లాంటివి నియంత్రణ నుంచి వదిలేయడానికి అంతర్జాతీయంగా పాటించేది ఇంకా తక్కువ, ఏడాదికి 10 మైక్రోసీవర్ట్‌ల స్థాయి. కానీ మనిషికి అందే మిల్లీసీవర్ట్‌లు వేరు, మీటరు గోడ మీద చూపించే కౌంట్లు వేరు. ఏడాది పొడవునా ఆ గదిలోనే ఉద్యోగం చేస్తూ, ఆ దుమ్ము పీలుస్తూ ఉండే ఒక మనిషిని ఊహించుకుని వెనక్కి లెక్క కడతారు. అలా అమెరికా అణు నియంత్రణ సంస్థ వేసిన పట్టికలో నిమిషానికి ఎన్ని విచ్ఛిన్నాల దాకా పర్వాలేదో వంద చదరపు సెంటీమీటర్లకి రాసి ఉంటుంది. కోబాల్ట్-60కి 7,100. కార్బన్-14కి 37 లక్షలు. ట్రిటియంకి 12 కోట్లు. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. ట్రిటియం వదిలే ఎలక్ట్రాన్లు చర్మం పైపొర కూడా దాటవు, కోబాల్టు గామా కిరణాలు గోడలు దాటతాయి, అంతే. రేడియేషన్ అనగానే అన్నిటికీ ఒకేలా భయపడటం ఎంత తెలివితక్కువో ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఈ కాగితాలు పుట్టకముందు మూతపడ్డ ప్రయోగశాలల కథ వేరు. పారిస్‌లో మేరీ క్యూరీ సొంత ప్రయోగశాలని శుభ్రం చేసింది 1981లో, ఆవిడ పోయిన 47 ఏళ్లకి. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్లు, అది ఎక్కడికి పోతుంది? మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ 1907 నుంచి 1919 దాకా పనిచేసిన భవనం తర్వాత మామూలు ఆఫీసులైంది, మనస్తత్వశాస్త్రం అధ్యాపకులు కూర్చున్నారు. పరమాణు కేంద్రకం ఉందని తేలిన చోట కూర్చుని పేపర్లు దిద్దుకున్నారన్నమాట. అక్కడ పనిచేసినవాళ్లలో కొందరు క్యాన్సర్‌తో చనిపోవడంతో 2008లో పెద్ద గొడవైంది. విశ్వవిద్యాలయం బయటి నిపుణుడితో విచారణ చేయించింది. క్యాన్సర్లకి ఆ గదులతో సంబంధం ఉండే అవకాశం తక్కువని, యాదృచ్ఛికం కావొచ్చని 2009 నివేదిక చెప్పింది. ఆ కుటుంబాల మనసులో అది ఎంతవరకు దిగిందో గానీ, రూథర్‌ఫర్డ్ వెళ్లిపోయిన ఏడాదే ఎవరైనా ఇన్ని సీసాలు లెక్కపెట్టి ఒక కాగితం రాసి ఉంటే ఆ విచారణే అవసరమయ్యేది కాదేమో.

మా ఫైలు ముంబైలో అణుశక్తి నియంత్రణ మండలికి (ఏఈఆర్‌బీ) వెళ్లింది, రెండు ప్రశ్నలతో తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. రెండు వారాలన్నది ఏడు నెలలైంది. అనుమతి వచ్చిన రోజు ఆర్‌ఎస్‌ఓ గారు స్వయంగా బ్లేడుతో తలుపు మీద స్టిక్కర్ గీకేశారు. ఫ్రీజర్ మీదది, సింకు మీదది, చెత్తబుట్ట మీదది కూడా. ఇదేదో లాంఛనం అనుకోకండి, నియమమే. ఏమీ లేని చోట ఆ గుర్తు ఉంచితే, ఉన్న చోట చూసినా జనం పట్టించుకోవడం మానేస్తారు.

సాయంత్రం ఆయమ్మ బకెట్, ఫినాయిలు తీసుకుని వచ్చి గడప దగ్గరే ఆగింది.

“ఇన్నేండ్లు రావొద్దన్నరు గద సార్, ఇప్పుడేమైంది?”

“రావచ్చమ్మా. అంతా చూశాం.”

ఆమె ఒకసారి ఆయన వంక, ఒకసారి నా వంక చూసి లోపలికి అడుగేసింది. నేల కాదు, ముందు తలుపు చూసింది. స్టిక్కర్ పీకిన చోట జిగురు నల్లగా మరక కట్టింది.

“కిరసనాయిల్ పెట్టి రుద్దితే పోతది సార్” అంది.